కొట్టొచ్చినట్టు కనబడే ఐలన్న

ఎవరి కంటా పడకూడదని ఐలన్న చేయని ప్రయత్నం లేదు. అయినా ఏనాడూ ఆయన కోరిక తీరలేదు. ప్రాణహిత ఒడ్డున, మహారాష్ట్ర వైపు, సిరొంచకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఆ ఊళ్లో మగవాళ్లంతా ఒక ఎత్తు, ఐలన్న ఒక్కడే ఇంకో ఎత్తు. నేను మాట వరసకు అనడం లేదు. ఊరంతా ఒకచోట నిలబడితే అందరి తలల పైన ఆయన మెడ, మెడ మీద తల విడిగా ఉంటాయి. సొంత ఇంటి దర్వాజకు కూడా రోజూ నుదురు కొట్టుకునేవాడు. పెళ్లయిన కొత్తలో భార్య పోశక్క ఆ దెబ్బకు పసుపు రాసేది. తర్వాత తర్వాత ఆమె కూడా చూసీ చూడనట్టు ఊరుకుంది.

పొడుగు మనిషికి గౌరవం దక్కుతుందని ఎవరో అంటుంటారు. ఐలన్నకు దక్కింది పని. నదిలో నీళ్లు తగ్గిన రోజుల్లో అవతలి ఒడ్డుకు నడిచిపోవాలంటే ముందు ఐలన్నను దింపేవాళ్లు. నీళ్లు ఆయన తొడల దాకా వస్తే మిగతావాళ్లు బట్టలు పైకి కట్టుకుని వెంట దిగేవాళ్లు. నడుము దాటితే వెనక్కి వచ్చెయ్యమని కేకేసి, పడవ కోసం కూర్చునేవాళ్లు. ఆయన మాత్రం తడిసిన బట్టలతో వెనక్కి వచ్చేవాడు. ఆయనకూ ఒక పొలం ఉందనీ, ఆ పూట అక్కడ పని ఉంటుందనీ ఒక్కరికీ తోచేది కాదు.

ఇది కూడా భరించవచ్చు. భరించలేనిది పంచనామా.

దొంగతనమో, నదిలో శవం తేలడమో, అడవిలో టేకు దుంగలు పట్టుబడటమో జరిగితే సర్కారు మనుషులు వచ్చి, చూసింది చూసినట్టు రాసుకుని పోతారు. అదే పంచనామా. అది నిజమేనని కింద సంతకం పెట్టే సాక్షులను పంచ్‌లు అంటారు. సంతకం పెట్టినంత మాత్రాన అయిపోదు. ఆ కేసు ఎన్నాళ్లు నడిస్తే అన్నాళ్లూ, పిలిచినప్పుడల్లా గడ్చిరోలి కోర్టుకు సర్కారు వాళ్ల ఎస్టీ బస్సులో ఒళ్లు హూనం చేసుకుని పోవాలి. అందుకే జీపు చప్పుడు వినబడితే చాలు, ఊళ్లో మగవాళ్లు ఎక్కడివాళ్లక్కడ మాయమయ్యేవాళ్లు. ఐలన్న కూడా పరిగెత్తేవాడు. కానీ కంచెల పైనుంచి ఆయన తల పరిగెత్తడం జీపులో కూర్చున్నవాళ్లకు కూడా తెలిసేది.

"ఏయ్ లంబూ! ఇధర్ ఆ!"

పొడుగోడా, ఇటు రా అనే ఈ పిలుపు ఆయన జీవితంలో ఎన్నిసార్లు విన్నాడో లెక్క లేదు. ఒకసారి పశువుల కొట్టంలో గడ్డి కింద దూరాడు. తల దాగింది, కాళ్లు బయట ఉండిపోయాయి. ఇంకోసారి పిల్లలతో కలిసి నేల మీద కూర్చున్నాడు. కూర్చున్నా పక్కనే నిలబడ్డ ఆడవాళ్ల నడుములు దాటేంత ఉన్నాడు. పోలీసు జమాదారు నవ్వి ఆయన్నే లేపుకుపోయాడు.

టేకు దుంగల కేసయితే మరీ ఘోరం. దుంగలు కొట్టింది ఎవరో, అమ్మింది ఎవరో, దుంగల పక్క నుంచి ఎద్దును తోలుకుపోతున్న ఐలన్న మాత్రం పంచ్ అయ్యాడు. సరిగ్గా నాట్ల రోజుల్లో కోర్టు పిలుపు వచ్చింది. వెళ్తే వాయిదా వేశారు. మళ్లీ వెళ్తే వకీలు రాలేదన్నారు. తిరిగొచ్చేసరికి మడిలో నారు ముదిరిపోయింది. ముదురు నారే నాటింది పోశక్క, ఒక్కతే, నడుము విరిగేలా. ఆ యేడు వాళ్ల గింజలు వాళ్లకే సరిపోలేదు.

"ఊర్ల ఇంతమంది మొగోళ్లుండంగ నిన్నే ఎందుకు పిలుస్తరయ్యా?" అంది పోశక్క.

"నేనే కనబడ్తనే."

"జర వంగి నడువరాదు?"

"వంగి వంగి నడుం పట్టుకుపోయింది. ఇంకెంత వంగాలె?"

ఆయన అన్నది నిజం. ముప్పై ఏళ్లు దాటకుండానే ముసలివాడిలా ముందుకు వంగి నడవడం మొదలుపెట్టాడు. అది అణకువ అనుకున్నారు ఊరివాళ్లు. అణకువ కాదు, విసుగు.

తన రోగానికి ఇంగ్లీషులో పేరుందని ఐలన్నకు చిన్నప్పుడే తెలుసు. సిరొంచ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాడు. పాఠాలు మరాఠీలో, పిల్లల మాట తెలుగులో, వాటి మధ్య ఇంగ్లీషు. ఆ ఇంగ్లీషు చెప్పే గోపాల్‌రావు సారు ఒకరోజు నల్లబల్ల మీద 'కాన్‌స్పిక్యుయస్' అన్న మాట రాశాడు. మరాఠీలో అర్థం చెప్పాడు, పిల్లలు తెల్లమొహం వేశారు. కొట్టొచ్చినట్టు కనబడేది అని తెలుగులో చెప్పాడు, అప్పుడూ తెల్లమొహమే. సారుకు చిర్రెత్తుకొచ్చింది.

"ఐలయ్యా, లెవ్వు!" అన్నాడు.

ఐలన్న లేచి నిలబడ్డాడు. వెనక వరుసలన్నీ ఆయన చాటున పడిపోయాయి.

"గిదే కాన్‌స్పిక్యుయస్. ఎవ్వలకన్న సమజ్ కాలేదా?"

అందరికీ అర్థమైంది. ఆ యేడు చెప్పిన ఇంగ్లీషులో ఆ క్లాసుకు నికరంగా వచ్చిన మాట అదొక్కటే. సారు ఆ ఊపులో రెండో వాడుక కూడా చెప్పాడు. "కొన్నిసార్లు ఉండుడు కాదురా, లేకపోవుడే కొట్టచ్చినట్టు కనబడ్తది. గోడకు రోజూ ఉండే గడియారం ఒకనాడు లేదనుకో. గోడంత ఉంటది, కని నీ చూపు ఏడికి పోతది? ఖాళీగున్న మేకు మీదికే పోతది. దాన్ని గూడ ఇంగ్లీషుల గీ మాటతోనే చెప్తరు."

"లేనిది ఎట్ల కనబడ్తది సార్?" అన్నాడు ఐలన్న.

"రేపు నువ్వు బడికి రాకు. అప్పుడు తెలుస్తది."

పిచ్చివాడు, నిజంగానే మానేశాడు. మర్నాడు బడి వెనక కిటికీ కింద ముడుచుకుని కూర్చుని, తన గురించి ఎవరైనా అడుగుతారేమోనని చెవులు రిక్కించాడు. లోపలినుంచి ఒక పిల్లవాడి గొంతు వినబడింది. "సార్, ఇయ్యాల బల్ల మంచిగ కనబడుతంది." సారు ఆ సంగతే మరిచిపోయి పాఠం చెప్పుకుంటూ పోయాడు. సారు చెప్పిన రెండో వాడుక తన విషయంలో అబద్ధమని ఐలన్న ఆ రోజే తేల్చుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు తండ్రి పోయాడు, చదువు ఆగిపోయింది.

ఎనభై ఆరులో, శ్రావణంలో గోదావరి పోటెత్తింది. ప్రాణహిత నీళ్లు అందులోకి పోలేక వెనక్కి తన్నాయి. పొద్దున గడప దగ్గర ఉన్న నీళ్లు చూస్తుండగానే ఇళ్లలోకి వచ్చాయి. ఊళ్లో మిట్ట మీద ఉన్నవి రెండే, బడి, దుకాణం పెట్టుకున్న బాబురావు పెంకుటిల్లు. అందరూ బడికి పరిగెత్తారు. పరిగెత్తలేనివాళ్లు ఏం చేశారు? ఐలన్నను పిలిచారు.

మిగతావాళ్లకు గొంతు దాకా వచ్చిన నీళ్లు ఆయనకు ఛాతీ దాకానే వచ్చాయి. పిల్లలను భుజాల మీద, ముసలివాళ్లను వీపు మీద ఎక్కించుకుని ఆ పొద్దంతా అటూ ఇటూ తిరిగాడు. ముసలి నర్సక్క ఆయన మెడ మీద కూర్చుని, జుట్టు రెండు చేతులా పట్టుకుని, "నా బియ్యం కుండ బిడ్డా, నా కుండ" అని ఏడిస్తే మళ్లీ వెళ్లి కుండ కూడా తెచ్చాడు. తన ఇంటినుంచి పోశక్క ఇద్దరు పిల్లలనూ, రెండు గిన్నెలనూ తెచ్చుకోగలిగింది, అంతే. ఐలన్న తన ఇంటి వైపు తిరిగేసరికి అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేదు.

నీళ్లు తీశాక చూస్తే చాలా ఇళ్లకు ఒక గోడో, ఒక మూలో మిగిలింది. నదికి దగ్గరగా ఉన్న ఐలన్న ఇంటికి ఏమీ మిగల్లేదు. ఆ దర్వాజ కూడా కొట్టుకుపోయింది. ఇటు నర్సక్క సగం గోడ, అటు పక్కింటి వంగిన గుంజలు, నడుమ చదునుగా బురద.

పోశక్క, పిల్లలు బడి వరండాలో ఒక మూల సర్దుకున్నారు. వాన విడవడం లేదు. చిన్నదానికి దగ్గు పట్టింది. పదిహేను రోజుల్లో బడి మళ్లీ తెరుస్తామనీ, ఆలోగా ఖాళీ చెయ్యాలనీ చెప్పారు. అప్పుడే ఒక కబురు వచ్చింది. వరద నష్టానికి రాసే పంచనామాలో పేరెక్కిన ప్రతి ఇంటికీ అడవి డిపో నుంచి బొంగులు, వాసాలు ఇస్తారట.

ఐలన్న జీవితంలో మొట్టమొదటిసారి జీపు కోసం ఎదురుచూశాడు.

జీపు బురదలో దిగబడి, నాయబ్ తహసీల్దారు సాబు, ఊరి పన్ను లెక్కలు చూసే తలాఠీ నడుచుకుంటూ వచ్చారు. ఐలన్న దాక్కోలేదు. వంగలేదు. ఇన్నాళ్లూ దాచుకున్న ఎత్తంతా ఇవాళ పనికొస్తుందన్నట్టు నిటారుగా నిలబడ్డాడు.

"ఏయ్ లంబూ! ఇధర్ ఆ! టేపు పట్టు."

అంతే. టేపు చేతికొచ్చింది. ఆయన ఒక పంచ్, ఇల్లు తడవని బాబురావు రెండో పంచ్. ఒక్కో ఇంటి ముందూ ఆ ఇంటాయన నిలబడి పేరు చెబుతున్నాడు. ఐలన్న కొలతకు టేపు లాగుతున్నాడు, తలాఠీ రాస్తున్నాడు. నర్సక్క ఇల్లయింది. తర్వాత చదును బురద. సాబు దాన్ని దాటుకుని పక్కింటికి పోయాడు. టేపు పట్టుకున్న ఐలన్న కూడా తన పొయ్యి ఉన్నచోటు మీద కాలు పెట్టి దాటాడు.

అక్కడ నోరు తెరవాల్సింది. నాకిప్పటికీ ఆయన మీద కోపం వచ్చేది అక్కడే. కానీ నేనున్నానని చెప్పుకోవడం ఆ మనిషికి అలవాటు లేదు. పుట్టినప్పటినుంచీ అవసరం పడలేదు. తలాఠీ పన్ను వసూలుకు వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లోనే కూర్చుని చాయ్ తాగాడు. బాబురావుకు తెలుసు, ఊరందరికీ తెలుసు. ఇంతమందికి కనబడుతున్నవాడి ఇల్లు కనబడకుండా పోతుందా, చివర్లో రాస్తారులే అనుకున్నాడు ఐలన్న. చివర్లో సంతకం పెట్టమన్నారు, పెట్టాడు.

వారం తర్వాత తలాఠీ బడి ముందు నిలబడి పేర్లు చదివాడు. ఐలన్న పేరు రాలేదు. మర్నాడు ఐలన్న సిరొంచ వెళ్లి నాయబ్ సాబు ముందు నిలబడ్డాడు.

"నా ఇల్లు రాయలేదు సాబ్. పూరాగ కొట్టుకపోయింది."

సాబు కాగితాలు చూసి తల పట్టుకున్నాడు. "నువ్వు పంచ్‌వి కదా! పంచ్ అంటే నష్టం లేనోడు ఉండాలె. నీ ఇల్లు పోయిందని అప్పుడే ఎందుకు చెప్పలే?"

"మీ పక్కనే ఉంటిని గద సాబ్."

"ఇప్పుడు నీ పేరు రాస్తే ఈ పంచనామానే చెల్లదు. అందరిది కొట్టేసి మళ్లీ మొదట్నుంచి రాయాలె. మళ్లీ మంజూరు కావాలె. దీపావళి దాటుతది. ఊరోళ్లను అడిగి రా."

బయట బస్సుల దగ్గర గోపాల్‌రావు సారు ఎదురుపడ్డాడు. రిటైరై, జుట్టు తెల్లబడ్డా ఐలన్నను చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టకేం చేస్తాడు!

"ఏం రా కాన్‌స్పిక్యుయస్! మంచిగున్నవా?"

ఐలన్నకు ఒళ్లు మండిపోయింది. జరిగిందంతా చెప్పి, "లేకపోవుడు గూడ కొట్టచ్చినట్టు కనబడ్తదంటిరి గద సార్. రెండిండ్ల నడుమ ఒక ఇల్లు లేదు. ఇంతమందిల ఒక్కనికన్న కనబడాలె గద!" అన్నాడు.

సారు బస్సు వచ్చే దారి వైపు చూశాడు. "అది ఇంగ్లీషోళ్ల వాడుక బిడ్డా" అన్నాడు ఇబ్బందిగా. "మనకాడ నడుస్తదని నేను చెప్పలే." తర్వాత బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయాడు.

ఐలన్న వచ్చి సంగతి చెప్పగానే ఊరు ఊరంతా ఆయన చుట్టూ చేరింది. మళ్లీ పంచనామా అంటే ఎవరికి మాత్రం గుండె గుభేలుమనదు? అందరి నెత్తి మీదా వానే.

"జర ఆలోచించు ఐలన్న" అన్నాడు బాబురావు. "నీ ఒక్క ఇంటికి ఊరంత ఆగాల్నా? నోరు మూసుకో, తలా ఇన్ని బొంగులు తీసి నీకిస్తరు. అందరికన్న నీదే పెద్ద ఇల్లు అయితది."

"ఇస్తం, ఇస్తం" అన్నారు అందరూ. నర్సక్క ఆయన చెయ్యి పట్టుకుని, "నన్ను మెడ మీద మోసినవ్ బిడ్డా, నీకియ్యనా?" అంది.

సరే అనక ఏమంటాడు? సరే అన్నాడు.

మొదటి లారీ వచ్చింది. కింద నిలబడే లారీలోని బొంగులు అందుకోగలిగేది ఆయనొక్కడే కాబట్టి ఐలన్ననే పిలిచారు. ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే మోపులు దించి చేతికిచ్చాడు. తీసుకున్నవాళ్లు తీసుకున్నట్టే వెళ్లిపోయారు. ఒకరు గోడలకే చాలవన్నారు. ఒకరు పశువుల కొట్టం కూడా లేపాలన్నారు. నర్సక్క కొడుకు తల్లి మాటకూ తనకూ సంబంధం లేదన్నాడు. రెండో లారీ వస్తుంది కదా, అప్పుడు చూద్దామని మిగతావాళ్లన్నారు.

ఖాళీ చేతులతో వరండాకు వస్తే పోశక్క అడిగింది. "బొంగులేవి?"

"తర్వాత ఇస్తమన్నరు."

"ఎవ్వలు?"

"అందరు."

"అందరు అంటే ఎవ్వలయ్యా? పేరు చెప్పు ఒక్కనిది!"

పోశక్క దగ్గుతున్న చిన్నదాన్ని ఒళ్లోకి లాక్కుని, "నువ్వు అందరికి కనబడ్తవ్. నీ ఇల్లు, నీ పెండ్లం, పిల్లలు ఎవ్వలకు కనబడరు" అంది. అరిచినా బాగుండేది. మెల్లగా అంది.

రెండో లారీ నాలుగో రోజు వచ్చింది. ఆ చప్పుడు వినగానే ఐలన్న లేచాడు. లారీ వైపు కాదు, నది వైపు నడిచాడు. నర్సక్క గోడ దాటి, రెండు రోజుల ఎండకు బురద పెచ్చులు లేస్తున్న ఆ చదును మీదికి వెళ్లాడు. దర్వాజ ఉండే చోట అలవాటు కొద్దీ తల వంచాడు. వంచాక తన మీద తనకే అసహ్యం వేసింది. నట్టింట్లో, గుంజ ఉన్నచోట చతికిలబడి కూర్చున్నాడు.

అక్కడినుంచి లారీ స్పష్టంగా కనబడుతోంది. లారీకీ ఆయనకూ మధ్య గోడ లేదు, కంచె లేదు. ఎవరైనా ఒక్కసారి ఇటు తల తిప్పితే చాలు.

"ఐలన్న ఏడి?" అన్నారెవరో.

"అరే, ఐలన్న కనబడ్తలేడేంది?"

బొంగులు దించేవాడు లేక లారీవాడు హారను కొడుతున్నాడు. బాబురావు పేరుపెట్టి కేకలేస్తున్నాడు. ఒకడు బడి వరండాకు పరిగెత్తాడు, ఒకడు పొలం వైపు, ఇంకొకడు పడవ రేవు వైపు. బాబురావు ఇంట్లో మంచం కింద కూడా వంగి చూశారట. రోజూ ఉండే మనిషి ఇవాళ లేడని ఊరంతటికీ ఒక్క నిమిషంలో తెలిసిపోయింది. మేకు మీది గడియారం గుర్తొచ్చి ఐలన్నకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సారు చెప్పింది అబద్ధం కాదు. ఈ ఊళ్లో కూడా లేనిది కనబడుతుంది. కాకపోతే, అది వాళ్ల పనికొచ్చేదై ఉండాలి.

ఊరంతా వెతికారు. ఆయన ఇల్లున్న చోటికి మాత్రం ఒక్కడూ రాలేదు. ఇల్లే లేనివాడు ఇంట్లో ఎందుకుంటాడు?

చిన్నదాన్ని చంకనెత్తుకుని, పెద్దదాని చెయ్యి పట్టుకుని పోశక్క ఒక్కతే నేరుగా అక్కడికి వచ్చింది. ఎవరినీ అడగలేదు. పొయ్యి ఉండే మూలకు వెళ్లి, పిల్లలతో కలిసి కూర్చుంది.

"ఐలన్నా!" నర్సక్క ముసలి గొంతు అరుస్తోంది. "యాడున్నవ్ బిడ్డా? లారీ వచ్చె, యాడున్నవ్?"

ఐలన్న లేవలేదు. కూర్చున్నచోటునుంచే, ఎన్నడూ ఎత్తని గొంతెత్తి, ఊరంతా వినేలా అరిచాడు.

"ఇంట్ల ఉన్న!"

పిలుపులు ఆగిపోయాయి. లారీ చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరుగా ఇటు తిరిగారు.